సిరాజ్ ఎడమ కాలు

ముందే చెబుతున్నాను, ఇది చల్లని మనిషి రాసింది కాదు. నాకు కోపం ఎక్కువ. క్లారినెట్ నోట్లో ఉన్నంతసేపే నా నోరు ఊరుకుంటుందని మా ఆవిడ సుమిత్రమ్మ అంటుంది. ఆమె మాటకు నేను ఎదురు చెప్పను, ఎందుకంటే అది నిజం.

నిజామాబాద్‌లో నాది బ్యాండు మేళం. పెళ్లి బరాత్‌లో మేం ముందు నడుస్తాం, మా వెనుక పెళ్లికొడుకు కారు వస్తుంది. నా బతుకులో సగం అలా కారుకు వీపు పెట్టి నడవడంలోనే గడిచిపోయింది. బంపరుకూ నా పిక్కలకూ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ జానెడు ఖాళీని కాపాడుతూ వచ్చిన మనిషి పేరు సిరాజ్. ఆయన నడుపుతున్నాడంటే నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసేవాణ్ణి కాదు. దేవుణ్ణి కూడా నేను అంతగా నమ్మలేదు.

సిరాజ్‌ది బోధన్. వాళ్ల నాయన జట్కా బండ్ల చక్రాలు బాగుచేసేవాడు. ఈయన మాత్రం మీసం రాకముందే చెరుకు లారీ ఎక్కాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలంలో సీజన్ వచ్చిందంటే గేటు బయట లారీలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు ఊరు దాటి వరుస కట్టేవి. ముందు బండి జరిగితే వెనుక బండి జరగాలి. సందు వదిలితే ఇంకొకడు దూరుతాడు. ఇంజను ఆపితే ఆ పాత లారీ మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. అందుకని ఎడమ కాలితో క్లచ్‌ను సగం తొక్కి సగం వదిలి, పొద్దుగాల నుంచి పొద్దుగూకేదాకా లారీని చీమలా పాకించేవాళ్లు. దాన్ని డ్రైవర్లు హాఫ్ క్లచ్ అంటారు. పూర్తిగా వదిలితే బండి ముందుకు దూకుతుంది. పూర్తిగా తొక్కితే నిలబడిపోతుంది. ఆ రెండింటి నడుమ వెంట్రుకవాసి చోటులో కాలిని పట్టి ఉంచాలి. సిరాజ్ కాలికి ఆ చోటు అక్కడే, ఆ వరుసలోనే దొరికింది.

చెరుకు లేని ఎండాకాలంలో పెళ్లి కార్లు నడిపేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక అదే బతుకైంది.

బరాత్ నడక చూడనివాళ్ల కోసం చెబుతాను. అది మనిషి నడక కూడా కాదు. డాన్సు చేసే మేనమామలు రెండడుగులు ముందుకేస్తే ఒకడుగు వెనక్కేస్తారు. వాళ్ల వెంట కారు జారినట్టు రావాలి. వీడియో తీసేవాడు పరుగెత్తుకుంటూ వచ్చి, "చాచా, నీళ్ల మీద పడవ లెక్క రావాలె, జర్కు పడొద్దు" అంటాడు. చౌరస్తాలో జనమంతా ఆగి ఆడితే కారు కూడా డప్పు దెబ్బకు తగ్గట్టు ఊగాలి. చప్పట్లన్నీ కారుకే. ఊగించేది మాత్రం సిరాజ్ ఎడమ కాలు.

పైగా కారేమైనా మామూలుదా? పెళ్లి కార్లు అద్దెకిచ్చే రంజిత్ సేఠ్ ఎక్కడినుంచో ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. పైకప్పు లేదు, రెండే సీట్లు, పెళ్లికొడుకు వెనుక అంచు మీద దర్జాగా కూర్చుంటాడు. కంపెనీ పేరు నేను చెప్పను, వాళ్లతో నాకు కొట్లాట లేదు. అది ఖాళీ రోడ్డు మీద కన్నుమూసి తెరిచేలోపు మాయం కావాల్సిన బండి. దాన్ని తెచ్చి మేళం వెనుక పాకించడమంటే రేసు గుర్రాన్ని గానుగకు కట్టడమే. వేగం కోసం చేసిన బండికి క్లచ్ స్ప్రింగు గట్టిగా ఉంటుంది. ఆ పెడల్ ఒకసారి నేను తొక్కి చూశాను. ఎద్దు మెడను కాలితో నెట్టినట్టుంది. ఒకసారి నెట్టడం కాదు, బరాత్ పొడుగునా నెట్టి, సగంలో పట్టి ఉంచాలి.

ఆదివారం పొద్దున రంజిత్ షెడ్డు దగ్గర డబ్బున్న కుర్రాళ్లు చేరేవాళ్లు. డిచ్‌పల్లి హైవే మీద తమ బండ్లు పరుగెత్తించి వచ్చి, చాయ్ తాగుతూ వాదులాడుకునేవాళ్లు. చేత్తో గేరు మార్చే కారు గొప్పదా, దానంతట అదే మార్చుకునేది గొప్పదా? ఇదీ వాదన. ఒకడేమో, "చేతిల గేరు రాడు, కాలికింద క్లచ్ లేకుంటే అది బండేనా? బండితోని మాట్లాడుతున్నట్టే ఉండదు" అంటాడు. ఇంకొకడేమో, "స్టీరింగ్ ఎనక రెక్క నొక్కితే రెప్పపాటుల పడుతది గేరు. మీ చెయ్యి లేచేసరికి నేను ఊరు దాటుత" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని నాకనిపించేది. కానీ ఇంత వాదనలో మోకాలి గురించి ఒక్కడూ మాట్లాడలేదు. వాళ్లకు క్లచ్ అంటే సరదా. పొద్దున గంటసేపు తొక్కి ఇంటికెళ్లి ఇడ్లీ తింటారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు పెద్దలు.

రంజిత్ అయితే ఇంకా ముదిరాడు. సిరాజ్ కాలిని ఫోన్లో వీడియో తీసేవాడు. పెడల్ మీద చెప్పు, ఆ చెప్పు సన్నగా కదలడం, వెనుక పాట. "మాన్యువల్ అంటే గిది! సిరాజ్ భాయ్ కాలు బంగారం" అని కింద రాసేవాడు. వేలమంది చూసేవాళ్లట. ఈ బంగారు మాటల సేఠ్ సొంతానికి నడిపే పెద్ద బండిలో మాత్రం క్లచ్ లేదు. ట్రాఫిక్‌లో కాలు గుంజుతుందని క్లచ్ లేనిదే కొనుక్కున్నాడు. నిజామాబాద్ ట్రాఫిక్‌లో! రైల్వే గేటు దగ్గర కాసేపు నిలబడితే ఆయన కాలు గుంజుతుంది. సిరాజ్ కాలు మాత్రం కళ.

ఆ బంగారు కాలు మోకాలు ఉబ్బడం మొదలై చాలా కాలమైంది. బరాత్ అయిపోయాక సిరాజ్ కారులోంచి వెంటనే దిగేవాడు కాదు. రెండు చేతులతో ఎడమ తొడను పట్టుకుని, సామాను దించినట్టు కాలిని బయట పెట్టేవాడు. ఇంట్లో ఆయన భార్య హమీదా బీడీల చాట పక్కన పెట్టి, ఆముదం ఆకు వెచ్చచేసి మోకాలికి కట్టేది. పొద్దునకు తీసేవాడు, సాయంత్రం మళ్లీ బరాత్.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. సిరాజ్ అడిగాడు. ఒకసారి కాదు, నా చెవులతో నేను విన్నవే ఎన్నో. ఆయన అడిగింది ఏమంత పెద్ద కోరిక కూడా కాదు. పాకించడం మానేసి, కొంతదూరం నడిచి కాసేపు నిలబడి, మళ్లీ కొంతదూరం నడుద్దాం అన్నాడు. నిలబడ్డప్పుడు గేరు తీసేస్తే కాలికి ఊపిరాడుతుంది. మా బ్యాండుకు అదేం కష్టం కాదు, నిలబడి ఇంకా బాగా వాయిస్తాం. పసుపు వ్యాపారి మధుకర్ సేఠ్ పెద్దకొడుకు పెళ్లిలో ఈ మాట అంటే, ఆ పెద్దమనిషి ఏమన్నాడో నాకిప్పటికీ చెవుల్లో గింగురుమంటుంది.

"నడిమిట్ల ఆపేది పాడెను. బరాత్‌ను కాదు. నోరు మంచిగ పెట్టుకో."

పాడెను తోవలో దింపి పేరు పిలుస్తారు కదా, అది ఆయన మనసులో ఉంది. శుభకార్యంలో ఆ పోలిక తెచ్చింది ఆయన, నోరు మంచిగా పెట్టుకోమన్నది సిరాజ్‌ను! సిరాజ్ సలాం పెట్టి మళ్లీ క్లచ్ మీద కాలేశాడు. మెత్తటివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అవుతుంది లోకానికి.

పోయిన చలికాలంలో నిజామాబాద్ డాక్టరు సినిమా చూపించినట్టు ఎక్స్‌రే చూపించి, ఇంక క్లచ్ తొక్కితే నడక కూడా మిగలదని చెప్పాడు. డ్రైవింగ్ మానెయ్యమనలేదు, క్లచ్ మానెయ్యమన్నాడు. సిరాజ్‌కు వేరే పని రాదు. కాబట్టి సంగతి ఇదీ: క్లచ్ లేని కారు దొరికితే బతుకు, దొరక్కపోతే కాలో పనో ఏదో ఒకటి పోవాలి.

సరిగ్గా అప్పుడే రంజిత్ కొత్త స్పోర్ట్స్ కారు కొన్నాడు. తెల్లది, ఇదీ పైకప్పు లేనిదే. కానీ గేరు రాడు లేదు, క్లచ్ పెడల్ లేదు. లోపల రెండు క్లచ్‌లు ఉన్నాయట, కంప్యూటరే వాటిని తొక్కుతుంది, వదులుతుంది. ఆ సంగతి తెలిసిన రోజు హమీదా మా ఇంటికి రంజాన్‌కు షీర్‌ఖుర్మా పంపినట్టు గిన్నెడు సేమ్యా పంపింది. పండగేమిటమ్మా అని సుమిత్రమ్మ ఫోన్ చేస్తే, "పండగే వదినా, ఆయన కాలుకు సెలవొచ్చింది" అందట.

రంజిత్ షెడ్డులో ట్రయల్ పెట్టాడు. నేనూ వెళ్లాను. సిరాజ్ స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. బిస్మిల్లా అనుకుని సీట్లో కూర్చున్నాడు, రంజిత్ పక్కన ఎక్కాడు, బెల్టు పెట్టుకోలేదు. కారు నాలుగు గజాలు మెత్తగా పోయింది. గోడ దగ్గరపడింది. బండి నెమ్మది చేయాలనగానే సిరాజ్ ఎడమ కాలు తన అలవాటు ప్రకారం క్లచ్ కోసం లేచింది. అక్కడ క్లచ్ లేదు. వెడల్పాటి బ్రేకు ఉంది. ముప్పై ఏళ్లు ఎద్దు మెడను నెట్టిన కాలు ఆ బ్రేకును అదే బలంతో తొక్కింది. కారు మేకు కొట్టినట్టు నిలబడింది. రంజిత్ నుదురు పోయి ముందున్న పలకకు కొట్టుకుంది.

బెల్లంగడ్డంత బొప్పి. అంతకంటే ఏం కాలేదు. కారుకు గీత పడలేదు.

"సేఠ్, మాఫ్ చేయి. ఒక్క వారం ఇయ్యి, కాలుకు సమజైతది" అన్నాడు సిరాజ్.

రంజిత్ నుదురు రుద్దుకుంటూ ఎంత తియ్యగా మాట్లాడాడంటే, విన్న నాకు ఒళ్లు మండింది. "వద్దు సిరాజ్ భాయ్. నువ్వు మాన్యువల్ మనిషివి. నీ కళ గీ బండిల ఖరాబైతది. ఎర్రది నీదే, ఎప్పటికీ నీదే. దీన్ని మా బంటి నడుపుతడు."

బంటి అంటే ఆయన బామ్మర్ది. రీల్సులో స్టీరింగు మీద ఒక్క చెయ్యి పెట్టి నల్లద్దాలతో కనిపిస్తాడు. ముప్పై ఏళ్లలో ఒక్క తప్పు, అదీ బ్రేకు తొక్కిన తప్పు. దానికి శిక్ష కాలు. పొగడ్త కూడా ఉరితాడు కాగలదని నాకు ఆ రోజు తెలిసింది. నేను గట్టిగా నాలుగు మాటలు అన్నాను. సిరాజే నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"వద్దు భాయ్. ఎర్రది కూడ పోతది మల్ల."

ఇక అసలు సంగతికి వస్తాను. మార్చి నెలాఖరు. మధుకర్ సేఠ్ చిన్నకొడుకు పెళ్లి, బోధన్‌లో. అవును, ఆ పాడె మాటల మధుకర్ సేఠే. పొద్దుగూకేవేళ లగ్నం, అందుకని ఎండ దిగకముందే శక్కర్‌నగర్ నుంచి బరాత్ లేచింది. ముందు మా బ్యాండు, మా వెనుక పెళ్లికొడుకుతో తెల్లకారు, అందులో బంటి. దాని వెనుక ఎర్రకారులో పెళ్లికొడుకు చెల్లెలు, స్టీరింగు దగ్గర సిరాజ్. మోకాలికి లాగు కింద గుడ్డ బిగించుకుని వచ్చాడు. రంజిత్ పక్కన నడుస్తూ తెల్లకారును వీడియో తీసుకుంటున్నాడు.

మొదట్లో బాగానే నడిచింది. మేనమామలు ఆడుతున్నారు, కారు పాకుతోంది. పాత ఫ్యాక్టరీ గోడ దాటేసరికి నా వెనుక కాలిన వాసన మొదలైంది. బంటి అరిచాడు. "బావా, ఏదో లైటు ఎలుగుతున్నది! గేర్‌బాక్స్ వేడైంది, బండి ఆపుమంటున్నది!" అన్నాడు. రెండు నిమిషాలు కాకముందే బండి అంగుళం కూడా కదలనంది.

నేను ఊదడం ఆపి వెనక్కి తిరిగాను. ఇప్పుడు మధుకర్ సేఠ్ ఏమంటాడో విందామనుకున్నాను. నడిమిట్ల ఆగింది కదా! పాడెలా ఆగింది కదా!

ఏమీ అనలేదు. అందరూ కారు చుట్టూ చేరి, జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు చూశారు. పెళ్లికొడుకు కోసం తెచ్చిన జరీ గొడుగు తీసి కారు మూతి మీద పట్టారు. పెళ్లికొడుకు ఎండలో నిలబడ్డాడు. ఎవరో కూల్‌డ్రింక్ షాపులోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి, షాపు వైరు రోడ్డు మీదకు లాగి, చక్రాల సందులోకి గాలి పెట్టారు. రంజిత్ కంపెనీవాళ్లకు ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు కాబట్టి అందరం విన్నాం. అటువైపు మనిషి మర్యాదగా చెప్పాడు: ఇలా పాకిస్తే లోపలి క్లచ్‌లు రాసుకుని వేడెక్కుతాయి, పాకించకండి, చల్లబడేదాకా ఆగండి, తర్వాత కొంతదూరం నడిపి నిలపండి, మళ్లీ కొంతదూరం నడిపి నిలపండి.

సిరాజ్ మాట. అక్షరం పొల్లుపోకుండా సిరాజ్ అడిగిన మాట.

మధుకర్ సేఠ్ తల ఊపి నా వైపు తిరిగాడు. "ఇన్నవా మాస్టరు? జర నడుసుడు, జర నిలబడుడు. మీ బ్యాండోళ్లు దాని లెక్క సర్దుకోవాలె. లక్షణమైన బండి, దానికి తకలీఫ్ కావొద్దు" అన్నాడు.

"సేఠ్, మరి నడిమిట్ల ఆపుడు మంచిది కాదంటివి గదా?" అన్నాను.

"గది వేరు. కొత్త బండి గదా!"

గది వేరు! ఇనుప క్లచ్ వేడెక్కితే లైటు వెలిగింది, గొడుగొచ్చింది, ఫ్యానొచ్చింది, తాతల నాటి ఆచారం కూడా లేచి పక్కకు జరిగింది. మనిషి మోకాలు ఏళ్ల తరబడి వాస్తే ఒక్కడు కూడా మంచినీళ్లిచ్చిన పాపాన పోలేదు. మోకాలికి లైటు లేదు. ఉన్న నోటిని మూయించారు.

అప్పుడే సిరాజ్ ఎర్రకారు దిగి, కుంటుకుంటూ వచ్చి, ఏమైందోనని తెల్లకారు పక్కన నిలబడ్డాడు. బంపరు మీద చెయ్యి పెట్టి వంగి చూశాడు. పెళ్లివాళ్ల మనిషి ఒకడు ఆయన భుజం మీద తట్టి అన్నాడు:

"ఏయ్ చాచా, పక్కకు జరుగు. బండికి గాలి తగలనియ్యి."

సిరాజ్ జరిగాడు. షాపు గోడకు ఆనుకుని, ఎడమ కాలును కొంచెం పైకి ఎత్తి పట్టుకున్నాడు, కొంగ నిలబడ్డట్టు. నేనాయన ముఖం చూడలేకపోయాను.

చివరికి లైటు ఆరింది. జనం చప్పట్లు కొట్టారు. బరాత్ మళ్లీ లేచింది, ఈసారి కొత్త పద్ధతిలో. మేం కొంతదూరం నడిచి నిలబడి వాయించాం. కారు నిలబడింది. మళ్లీ నడిచాం, మళ్లీ నిలబడ్డాం. బంటి అప్పటికే బెదిరిపోయి ఉన్నాడు. మూడోసారి నిలబడేటప్పుడు వాడి కాలు బ్రేకు మీదికి ఆలస్యంగా పోయింది.

బంపరు నా పిక్కలకు తగిలింది.

గట్టి దెబ్బేం కాదు. మోకాళ్లు ముందుకు మడతపడి, క్లారినెట్ పంటికి కొట్టుకుని పెదవి చిట్లింది. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి వెనుక ఉన్న ఇనుము నన్ను తాకింది. బంటి లేచి నిలబడి, "మాస్టర్, మీరే సడన్‌గ ఆగిండ్రు!" అని అరిచాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

నేను క్లారినెట్ సంచిలో పెట్టేశాను. మా డోలు భూమన్న నన్ను చూసి డోలు దించాడు. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే దించారు. మేళం ఆగిన వీధి ఎంత బోసిగా ఉంటుందో మీరెప్పుడైనా విన్నారా? మేనమామలు చేతులు పైకెత్తినవాళ్లు ఎత్తినట్టే నిలబడిపోయారు.

"ఏందిది మాస్టర్? లగ్నం టైం అయితున్నది!" అని మధుకర్ సేఠ్ వచ్చాడు.

"నేను గీ పిలగాని ముంగట నడవ. సిరాజన్న గా బండిల కూసుంటే నడుస్త. లేకుంటే నా మేళం ఈడికెల్లే వాపస్."

రంజిత్ ఉరికొచ్చాడు. "అన్నా, నీకు తెల్వదా? ఆయిన ఎడమకాలుతోని బ్రేకు తొక్కుతడు! ట్రయల్‌ల నా నెత్తి పగిలింది!"

"బ్రేకే గదా తొక్కిండు? రేసు తొక్కలేదు గదా! నీ నెత్తి లోపట ఉన్నది సేఠ్, మా కాళ్లు బయట ఉన్నయి. ముంగట నడిచేటోళ్లకు బ్రేకు తొక్కేటోడే కావాలె. నువ్వు బెల్టు పెట్టుకో."

జనంలో ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెదవి నుంచి రక్తం కారుతోంది, నోరు ఆగడం లేదు. "ఇయ్యాల ఒక్కదినం కాదు. నీ తెల్లబండి ఎప్పుడు నా ఎనక వచ్చినా అండ్ల సిరాజన్నే ఉండాలె. బండికి గొడుగు పడితిరి, ఫ్యాను పెడితిరి, దాని తకలీఫ్ సూసి బరాత్ నడకనే మారిస్తిరి. గదే నడక ఆయిన అడిగితే పాడె అంటిరి. సిగ్గుండాలె!" అన్నాను. మధుకర్ సేఠ్ కళ్లు దించుకున్నాడో, వాచీ చూసుకున్నాడో తెలియదు. కారులోంచి పెళ్లికొడుకే అన్నాడు, "బాపూ, సిరాజ్ చాచాను రమ్మను. నాక్కూడ భయమైతున్నది" అని.

రంజిత్ అందరి ముందు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, పొద్దు దిగుతుంటే?

బంటి దిగాడు. సిరాజ్ తెల్లకారు తలుపు దగ్గరకు వచ్చి ఆగాడు. ఎక్కలేదు. వంగి ఎడమ కాలి చెప్పు విప్పాడు. ఆ చెప్పు నాకిచ్చాడు.

"భాయ్, గిది నీ తాన ఉంచు. చెప్పు ఉంటే కాలు పనికి లేస్తది. వట్టి కాలైతే ఇంట్ల ఉన్న అనుకుంటది."

చెప్పు తిప్పి చూశాను. మడమ దగ్గర బాగానే ఉంది. బొటనవేలు మొదలు దగ్గర మాత్రం, పెడల్ ఆనే చోట, అట్ట అరిగి అరిగి ఆకులా పలచబడింది. వెలుగుకు పెడితే అవతల కనిపించేలా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టను? రెండు చేతులూ క్లారినెట్‌కు కావాలి. బ్యాండు డ్రస్సుకు జరీ నడికట్టు ఉంటుంది, అందులో దోపుకున్నాను.

ఎర్రకారు నడపడానికి ఎవరూ లేరు. బంటికి క్లచ్ రాదు. "నీదే గదా సేఠ్, మాన్యువల్ అంటే నీకు పానం గదా" అని భూమన్న అనేసరికి రంజిత్ ఎక్కక తప్పలేదు. ఎర్రకారు ఒకసారి దూకింది, ఆగిపోయింది. మళ్లీ దూకింది, ఆగిపోయింది. పెళ్లికొడుకు చెల్లెలు చీర కుచ్చెళ్లు పట్టుకుని దిగి నడవడం మొదలుపెట్టింది. వేలమంది చూసే ఆయన వీడియోల్లో ఆ ముక్క ఇప్పటిదాకా రాలేదు.

మేం నడిచాం. కొంతదూరం పోయి నిలబడ్డాం. నా వెనుక తెల్లకారు నిలబడింది. ఎక్కడ నిలబడిందో చూడలేదు, చూడాల్సిన పని లేదు. పాట మధ్యలో సిరాజ్ గొంతు వినిపించింది.

"ఆత్మారాం భాయ్, ఎడమకాలుకు ఏం పని లేదు. దీన్ని ఎక్కడ పెట్టాల్నో సమజైతలేదు."

ఆ మాటకు నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ ఒక్కసారే వస్తే క్లారినెట్ శృతి తప్పుతుంది. తప్పింది.

ఫంక్షన్ హాల్ గేటు కనిపిస్తుండగా మధుకర్ సేఠ్ నా పక్కకు వచ్చాడు. ఆయన చూపు నా నడుము మీద పడింది.

"మాస్టర్, ఏందయ్యా గది! శుభమా అని లగ్నానికి పోతుంటే నడుముకు పాత చెప్పా? తీసి పారెయ్యి!"

నా నోట్లో క్లారినెట్ ఉంది కాబట్టి ఆయన బతికిపోయాడు. నేను ఇంకా గట్టిగా ఊదుతూ నడిచాను. అడుగు వేసినప్పుడల్లా చెప్పు నడుముకు తగులుతూనే ఉంది. గేటు దాటినా తీయలేదు.